జానెడు నీళ్ళు

మా వంశంలో చేప ముట్టినవాళ్ళు లేరు. చేపల గంప వీధిలోకి వస్తే మా అమ్మ తలుపు మూసేది, అది వెళ్ళిపోయాక వాకిట్లో నీళ్ళు చల్లేది. అయినా మార్కాపురం బజారులో ముప్ఫై ఏళ్ళుగా గాలాలు అమ్ముతున్నది నేనే. మేకులు, తాళ్ళు, తాళాలు, గడ్డపారలు అమ్మే దుకాణంలో గాలాలు కూడా ఉండాలన్నది మా నాయన పెట్టిపోయిన పద్ధతి. వాటిని పిప్పరమెంట్ల సీసాలో పోసి పై అరలో ఉంచేవాణ్ణి. ఎవరైనా అడిగితే సీసా వాళ్ళ చేతికే ఇచ్చి తీసుకోమనేవాణ్ణి. నా పేరు రాఘవయ్య. వెనకాల నన్ను ఏమంటారో నాకు తెలుసు, అది ఇక్కడ రాయను.

ఇది నా కథ కాదు, ఏబేలు కథ. కాకపోతే అందులో నేను చేసిన పని ఒకటి ఉంది. అది చెప్పడానికే మొదలుపెట్టాను కాబట్టి దాన్ని దాటేసి పోలేను.

పన్నెండేళ్ళ కిందట ఒక ఎండాకాలం ఏబేలు నా దుకాణానికి వచ్చాడు. అన్నింటికన్నా పెద్ద గాలం ఒకటి ఏరుకుని, ఆకురాయి ఒకసారి ఇమ్మని అడిగి, మెట్టు మీద కూర్చుని గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉన్న ముల్లును అరగదీయడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. గాలంలో ఉన్న పనితనమంతా ఆ ముల్లే. అది చేప నోట్లో పట్టుకుంటేనే చేప జారిపోదు. ఆ మాత్రం చేప తిననివాడికి కూడా తెలుసు.

"ముల్లు తీసేస్తే అది గాలమెట్ల అయితాది? దానికి బదులు సూది కొనుక్కోగూడదా?" అన్నాను.

"ఇది పట్టి తినేదానికి కాదన్నా. పట్టి మోసేదానికి," అన్నాడు తలెత్తకుండానే.

మతి చలించిన మనిషి అనుకున్నాను. ఆ మాట అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఏబేలు పద్నాలుగేళ్ళ వయసులో పలకల గనిలోకి దిగాడు. ఇరవై ఆరేళ్ళు ఉలి పెట్టి రాతిని పొరలు పొరలుగా చీల్చాడు. నాబోటి వాళ్ళం ఓనమాలు దిద్దిన పలకలు అట్లాంటి చేతుల్లోంచి వచ్చినవే. అవి చేసిన ఏబేలుకు మాత్రం తన పేరు రాయడం రాదు. నలభై దాటేసరికి ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. గని మానేశాడు. నాలుగడుగులు వేసి ఆగేవాడు, ఆగి నవ్వేవాడు, ఆ నవ్వు దగ్గులోకి తిరిగేది. కూతురిని గిద్దలూరు ఇచ్చి పంపాక ఇంట్లో అతను, భార్య ఎలీషబా మిగిలారు. ఆమె కూలికి పోయేది. ఏబేలు కుంటకు పోయేవాడు.

నాకు షుగరు వచ్చి, పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పాక, ఎటు నడవాలో తోచక ఏబేలు వెంట నడిచాను. పెద్దారవీడు రోడ్డు మీద ఊరు దాటాక ఎడమపక్క తుంగకుంట ఉంది. మొదట్లో తుండుగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని అల్లంత దూరాన కూర్చునేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఆ దూరం తగ్గింది. బజార్లో "శెట్టి చేపల వ్యాపారం పెడుతున్నాడా ఏంది?" అని నవ్వారు. మా ఆవిడ రాజ్యలక్ష్మి నవ్వలేదు. పెరట్లో నీళ్ళు పెట్టి, స్నానం చేశాకే లోపలికి రమ్మంది.

ఏబేలు గాలం వేసేది ఒక్క కొరమీనుకే. జిలేబీ చేపలు పడితే పిల్లలకు ఇచ్చేసేవాడు. కొరమీను పొగరుబోతు చేప. వాన పడి కుంట నిండిన రోజుల్లో కప్పను గాలానికి కట్టి నీళ్ళ మీద ఎగిరిస్తే ఊరుకోదు, తుంగలోంచి దూసుకొస్తుంది. కార్తీకం వచ్చి చలి పట్టాక దానికి బద్ధకం. ఎండ నెత్తికెక్కాక, లోతున, వానపామును ముక్కు ముందు పెడితే గాని కదలదు. ఎండాకాలం తెల్లవారుజామున ఒక గంటే వేట, తరవాత ఎంత పిలిచినా రాదు. ఇవన్నీ నాకు ఏబేలు చెప్పినవే. నీళ్ళ మీద ఎక్కడో గుటుక్కుమని చప్పుడవుతుంది. "అదిగో, పైకొచ్చింది," అనేవాడు. ఎందుకు వచ్చిందని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇట్లా ఉండేది కాదు.

శ్రావణంలో ఒకరోజు నీళ్ళ మీద కంచమంత ఎర్రటి మచ్చ కదులుతూ కనిపించింది. ఎవరో కుంకుమ పారబోశారనుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే కొరమీను పిల్లలు, బియ్యపు గింజంత పిల్లలు వందలకు వందలు ఒకే ముద్దగా ఈదుతున్నాయి. వాటి కింద పెద్ద నీడలు రెండు. తల్లీ తండ్రీ రెండూ కాపలా ఉంటాయట. ఆ ముద్ద మధ్యలో గాలం వేస్తే కోపంతో కరిచి తీరతాయి, పసివాడు కూడా పట్టగలడు. అట్లా పట్టేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. ఏబేలు ఆ మచ్చ కనబడిన రోజు నుంచి దసరా దాకా గాలం చుట్టి చూరులో దోపేసేవాడు.

"ఆకలికి నోరు తెరిచినదాన్ని పట్టొచ్చన్నా. పిల్లల కోసం నోరు తెరిచినదాన్ని పట్టగూడదు," అన్నాడు. చేపలు తినే మనిషి నోట ఆ మాట విని, ఏ ప్రాణినీ తినని నేను తల వంచుకున్నాను.

ముల్లు తీసిన గాలం సంగతి ఆ మరుసటి ఎండాకాలం తెలిసింది. మా పడమటి సీమలో కుంట నిలిచే నీరు కాదు. వైశాఖానికి మోకాలి లోతు అవుతుంది. అప్పుడు చుట్టుపక్కల వాళ్ళంతా దిగి, చేతులతో, చీరలతో కుంటను ఊడ్చేస్తారు. ఊడ్చాక ఎండిన బురదను గడ్డపారలతో తవ్వి అడుగున దాక్కున్నవాటిని కూడా తీస్తారు. ఒక్కటి మిగలదు. మరి ఏటేటా కొత్త చేపలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? వానతో పాటు పడతాయని కొందరు, దేవుడిస్తాడని కొందరు. అసలు సంగతి, ఊడ్చడానికి రెండు మూడు రోజుల ముందు ఏబేలు ముల్లు లేని గాలంతో ఒక జతను నోరు చిరగకుండా పట్టేవాడు. పైభాగం కోసేసిన పాత క్యానులో వేసి, తడి గోతం కప్పి, ఊరికి ఆ పక్కనున్న పలకల గని గుంతకు మోసేవాడు. తను పనిచేసిన గుంతే. గని మూతబడ్డాక దాన్నిండా నీళ్ళు నిలిచాయి, ఎంత కరువులోనూ ఎండదు. వానలకు కుంట నిండాక మళ్ళీ ఆ జతను పట్టి తుంగకుంటలో వదిలేవాడు.

"ఆ గుంతలోనే ఉంచి పెంచుకోరాదా?" అని అడిగాను.

"చుట్టూ నిట్టనిలువు రాయి. గడ్డి లేదు, మెరక లేదు. పెద్దవి బతుకుతాయి గాని పిల్లలు పెట్టవు. ఆడ తలదాచుకుంటాయంతే."

"ఊళ్ళో ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే ఆ రెండూ ఎవరి కూరలోనో ఉంటాయి."

ఊరంతా తినే చేపకు విత్తనం కాస్తున్నది, నాలుగడుగులకు ఒకసారి ఆగే ఈ మనిషి. ఆ రహస్యం తెలిసిన మగవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే. నాకు గర్వంగా ఉండేది, దాచడమెందుకు.

నిరుడు వైశాఖంలో ఏబేలు బాగా తగ్గిపోయాడు. అయినా విత్తనం తీయాల్సిందేనని పట్టుబడితే నేనూ ఎలీషబా ఆటోలో కుంటకు తీసుకెళ్ళాం. గట్టు మీద కూర్చునే గంటలో జతను పట్టాడు. మూరెడు పొడుగు, నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటిని క్యానులో వేస్తుండగా దగ్గు తెర వచ్చింది. ఆగలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఎలీషబా అతణ్ణి ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ఏబేలు నా చెయ్యి పట్టుకుని రెండే మాటలన్నాడు.

"గుంతలో వదులన్నా... జానెడు నీళ్ళు చాలు."

నేను ఇంకో ఆటో పిలిచి, క్యాను కాళ్ళ దగ్గర పెట్టుకుని ఎక్కాను. లోపలికి చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఇంత ఎండలో, ఇంతేసి చేపలకు జానెడు నీళ్ళా? పాపం, ఏబేలు మోయలేక తక్కువ నీళ్ళు పోసుకుంటాడు, నేను ఆటోలో పోతున్నాను కదా అనుకున్నాను. దారిలో దుకాణం ముందే మేము ఏటా ఎండాకాలం పెట్టే చలివేంద్రం ఉంది. దాహమన్నవాడికి నీళ్ళు పోయడం మా ఇంట్లో తాతలనాటి నుంచి వస్తున్న పుణ్యం. దుకాణంలోంచి ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు తెప్పించి, కడిగించి, క్యాను వంచి చేపల్ని అందులోకి జార్చి, చలివేంద్రం కుండల్లోని చల్లటి నీళ్ళు అంచుదాకా నింపాను. ఒక చేప ఎగిరి దూకబోయింది. మూత పెట్టి చుట్టూ గట్టిగా నొక్కాను. అంతలో పెళ్ళి పందిరి వాళ్ళు తాళ్ళకని వచ్చారు. నిండా నీళ్ళున్నాయి కదా, తొందరేముంది అనుకుని వాళ్ళ బేరం చూసుకున్నాను. గుంత దగ్గరికి వెళ్ళేసరికి రెండు గంటలు దాటింది.

మూత తీశాను. రెండూ తెల్లటి కడుపులు పైకి తిప్పి తేలుతున్నాయి.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చేపను చేత్తో పట్టుకున్నాను. నీళ్ళలో పెట్టి వెన్ను నిమిరాను, అటూ ఇటూ ఊపాను. బతిమాలాను కూడా, ఏ దేవుణ్ణో గుర్తులేదు. అవి మెల్లగా పక్కకు వాలి, రాతిగోడ వెంట కొట్టుకుపోయాయి. అన్ని నీళ్ళు పోస్తే ఎట్లా చచ్చాయో నాకు అర్థం కాలేదు. ఎండ దెబ్బేమో అనుకున్నాను.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్తే ఏబేలు ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. నన్ను చూడగానే కళ్ళు మెరిశాయి.

"వదిలినావా?"

"వదిలినా," అన్నాను.

"రెండూ దిగినాయా?"

"రెండూ దిగినాయి. నువ్వు నిమ్మళంగా ఉండు."

ఆ స్థితిలో ఉన్న మనిషికి నిజం చెప్పడం పాపమని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అది దయ కాదు, భయం. ఏబేలు ముందు తప్పు చేసినవాడిగా నిలబడలేకపోయాను. మూడో రోజు తుంగకుంటను ఊడ్చారు. వారం తిరగకుండా బురద కూడా తవ్వేశారు. ఆ గడ్డపారల్లో నా దుకాణంలో కొన్నవి ఎన్నో నాకు తెలుసు.

ఏబేలు ఇంటికి వచ్చాడు గాని మంచం దిగడం తగ్గిపోయింది. శ్రావణం చివర మంచి వాన పడి కుంట నిండింది. ఆ కబురు వినగానే లేచి కూర్చున్నాడు. "విత్తనం దించాల," అన్నాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఆటోలో గుంత దగ్గరికి తీసుకెళ్ళాను. ఏబేలు గాలం వెయ్యలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నీళ్ళను చూస్తూ కూర్చున్నాడు. అరగంట గడిచింది. గంట గడిచింది. గాలి లేదు, నీళ్ళు పలకలాగా నున్నగా ఉన్నాయి.

"ఒక్కసారి గూడా పైకి రాలేదు," అన్నాడు చివరికి. నా వైపు తిరిగాడు. "లేవు కదన్నా?"

"లేవు, ఏబేలూ. ఆ పొద్దే చచ్చిపోయినాయి. నేనే చంపుకున్నా."

"నీళ్ళు నిండా పోసినావా?"

"పోసినా."

"మూత?"

"పెట్టినా. గట్టిగా."

ఏబేలు చాలాసేపు ఊపిరి కోసం ఆగాడు. తరవాత, పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "కొరమీను అన్ని చేపల మాదిరి కాదన్నా. అది పైకొచ్చి గాలి మింగాల. గుటుక్కుమంటాది చూడు, అదే. తల పైకి పెట్టే సందు లేకపోతే నీళ్ళలోనే మునిగి చస్తాది. అందుకే జానెడు చాలన్నా. సరిగ్గా చెప్పలేకపోయినా, దగ్గు వచ్చె. ఆ తప్పు నాది."

ఆ మాటకు నేను ఏడ్చాను. అరవై రెండేళ్ళ వాణ్ణి, ఆటో డ్రైవరు చూస్తుండగా.

"అది కాదు," అన్నాడు ఏబేలు. ఇప్పుడు గొంతు మారింది. "ఆ సాయంత్రమే చెప్పింటే అయిపోయేది. కుంటలో ఇంకొక జత ఉన్నింది, తూర్పు గట్టున తుంగ కింద. ఊడ్చేదానికి రెండు రోజులు టైముండె. ఎలీషబాను పంపించేటోణ్ణి. చేప చచ్చిందానికి నిన్నేమీ అననన్నా. అబద్ధమెందుకు చెప్పినావు?"

నేను లేచి, అతని చంక కింద చెయ్యి వేసి ఆటో దాకా నడిపించాను.

తిరిగి వస్తూ వేరే కుంట నుంచి జతను తెస్తానన్నాను. పెద్దారవీడు అవతల కొండ కింద ఒక కుంటలో కొరమీను ఉందని విన్నాను. ఏబేలు ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. అంతలోనే తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు వద్దు. ఈ దినాల్లో అవి పిల్లలతో ఉంటాయి. దసరా దాటనీ."

"దసరా దాకా..." అని ఆగిపోయాను. దసరా దాకా నువ్వు ఉంటావా అని ఎట్లా అడుగుతాను?

"ఉంటే చూస్తా. లేకపోతే లేదు," అన్నాడు. తనకు కావలసిందల్లా తుంగకుంటలో ఆ ఎర్రటి మచ్చ ఇంకొక్కసారి చూడడమే. అయినా దానికోసం ఇంకో కుంటలో పిల్లల్ని దిక్కులేనివి చేయడానికి ఒప్పుకోలేదు.

దసరా మర్నాటి నుంచి ఆ కొండ కింది కుంటలో నేను గాలం పట్టాను. ఎవరినైనా పెట్టి పట్టించవచ్చు. ఆ పని నేనే చేయాలనిపించింది. మంచం మీద నుంచి ఏబేలు ఎలా వేయాలో చెప్పేవాడు. మొదటిరోజు వానపామును గాలానికి గుచ్చలేక వెనక్కి వచ్చాను. రెండోరోజు కళ్ళు మూసుకుని గుచ్చాను. ప్రాణి ప్రాణిని తింటుందని పుస్తకాల్లో చదివినవాణ్ణి, అది నా వేళ్ళ మధ్య మెలికలు తిరుగుతుంటే తెలుసుకున్నాను. బజారు మళ్ళీ నవ్వింది. రాజ్యలక్ష్మి ఈసారి కూడా నవ్వలేదు. పెరట్లో చన్నీళ్ళకు బదులు వేణ్ణీళ్ళు పెట్టింది, అంతే.

పదహారో రోజు ఒకటి పడింది. ఇరవయ్యో రోజు అదే తుంగ దగ్గర రెండోది. ముల్లు లేని గాలమే, అరగదీసింది నేనే. మొదటిదాన్ని అందాకా తొట్టిలో ఉంచి కాపాడింది ఎలీషబా. పైభాగం కోసిన ఆ పాత క్యానులో జానెడు నీళ్ళతో, తడి గోతం కప్పి, రెండింటినీ ఏబేలు మంచం పక్కన పెట్టాను. అతనికి మాట రావడం కష్టంగా ఉంది. చెయ్యి వాల్చి నీళ్ళలో వేళ్ళు పెట్టి, ఒక్కో చేప కడుపు తడిమి చూసి, "జతే" అన్నాడు. అప్పుడే ఒకటి తల పైకెత్తి గుటుక్కుమంది. ఏబేలు నవ్వాడు. ఎన్నాళ్ళకో, దగ్గు రాని నవ్వు.

ఆ సాయంత్రం ఆ జతను నేనూ ఎలీషబా తుంగకుంటలో దించాం. కార్తీకం దాటకుండానే ఏబేలు పోయాడు. గని ఉలి, గాలపు కర్ర రెండూ చూరులోనే ఉన్నాయి. ఎలీషబా వాటిని తీయలేదు.

ఈ ఏడు వైశాఖంలో, కుంట ఊడ్చడానికి మూడు రోజుల ముందు జతను పట్టి గని గుంతకు చేర్చాం. ఎలీషబా పట్టింది, నేను మోశాను. దారిలో చలివేంద్రం ముందు ఆటో ఆపలేదు. వానలకు మళ్ళీ తెచ్చి వదిలాం. తరవాత నెలరోజులు రోజూ పొద్దున్నే పోయి నీళ్ళను చూసి వచ్చేవాళ్ళం.

మొన్న కనిపించింది. తూర్పు గట్టున, తుంగ పక్కన, కంచమంత ఎర్రటి మచ్చ. కింద రెండు నీడలు. ఎలీషబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. "పోయినేడు ఈ పాటికి మంచం మీదనే ఉన్నాడు గదన్నా. నీళ్ళుండి గూడా చూడలేకపోయె," అంది. నన్ను దెప్పడానికి అన్న మాట కాదది. నేను దాచిన సంగతి ఆమెకు తెలుసో తెలియదో అప్పటిదాకా నాకు తెలియదు. ఆ గట్టు మీదే మొత్తం చెప్పాను.

"తెలుసన్నా. గుంత కాణ్ణుంచి వచ్చిన పొద్దే చెప్పినాడు. నువ్వు నాకు ఎప్పుడు చెప్తావోనని చూస్తాన్నా," అంది.

ఆసుపత్రిలో ఆ సాయంత్రం నిజం చెప్పి ఉంటే నిరుటి వానలకే ఈ మచ్చ తేలేది. ఏబేలు గట్టు మీద కూర్చుని చూసేవాడు. నా అబద్ధానికి ఒక ఏడాది ఖర్చయింది. ఆ ఏడాది అతని దగ్గర లేదు.